కొన్నమ్మ దగ్గరి మూడేండ్లు

రెండు నెల్లు. గంతే అడిగిన నా బిడ్డను. రెండు నెల్లు ఆగుండ్రి, గీ పొల్లకు మూడేండ్లు నిండుతయ్, గప్పుడు పూణె పోతరో ఇంక యాడికి పోతరో మీ ఇష్టం అన్న. నా బిడ్డ బట్టలు మడతపెట్టుకుంటనే నా దిక్కు వింతగ చూసింది. "ఏందమ్మా, జాతకమేమన్న చూపించినవా?" అన్నది. జాతకం లేదు, పాడు లేదు. అసలు సంగతి నోట్లెకెల్లి వస్తలేదు. నీ బిడ్డ నన్ను మరిచిపోతదని భయమైతాందే అని ఏ మొగంతోని చెప్పాలె? అరవై దాటినదాన్ని. వింటె నవ్వుతరు.

మాది షామీర్‌పేట. చెరువు కట్ట కింది వాడ. నా బిడ్డ, అల్లుడు ఇద్దరు తుర్కపల్లి దిక్కు మందుల ల్యాబులల్ల పనిచేస్తుండె. మనుమరాలికి అయిదో నెల నిండంగనే నా బిడ్డ మల్ల డ్యూటీకెక్కింది. పొద్దుగాల ఏడింటికి గల్లి మొదట్ల కంపెనీ కారు హారన్ కొడ్తది. గది ఇనవడంగనే పాల సీసా నా చేతుల, పిల్ల నా సంకల. మాపటికి ఆళ్లు తిరిగొచ్చేసరికి ఏడైతదో ఎనిమిదైతదో. గట్ల రెండేండ్ల అయిదు నెల్లు నేనే సాదిన. పోయిన నెల అల్లునికి పూణెల పెద్ద కొలువొచ్చింది, నా బిడ్డ గూడ ఆడనే చూసుకున్నది. ఐతారం పొద్దుగాలకు సామాన్ల బండి మాట్లాడిండ్రు.

గా ఐతారానికి మూడు దినాల ముందు, ఎనుక కొత్త కాలనీల ఉండే మేడం మా ఇంటికొచ్చింది. గోదావరి దిక్కు ఆమె, మా బిడ్డ చేసే కాడనే చేస్తది, మస్తు చదువుకున్నది. టిఫిన్ డబ్బా తిరిగిచ్చేతందుకు వచ్చి, నా సంకల ఉన్న పిల్ల బుగ్గ గిల్లింది. "పూణె పోయినంక ఇది నన్ను యాదికుంచుకుంటదా మేడం?" అని నవ్వుకుంట అడిగిన. ఉంటదని అంటదనుకున్న.

"మూడేళ్ళ లోపువి ఎవరికీ గుర్తుండవండీ ఆంటీ" అన్నది ఆమె. "మెదడులో జ్ఞాపకాలు దాచుకునే చోటు అప్పటికింకా తయారవుతూనే ఉంటుంది. పైగా మాటలు కూడా సరిగ్గా రావు కదా. రోజూ చూస్తున్నంత కాలం బాగానే గుర్తుపడతారు, తర్వాత అదంతా చెరిగిపోతుంది. మీరే చెప్పండి, మీ మూడేళ్ళ లోపువి మీకేమైనా గుర్తున్నాయా?"

ఆమె తప్పేం లేదు. ఉన్నదున్నట్టు చెప్పి పోయింది. నాకు మాత్రం గప్పటిసంది కాలు చెయ్యి ఆడలే. పొయ్యి మీద అన్నం పెట్టి మరిచిన, అడుగంటింది. ఇగ చూడు, గా పిల్లకు పరీక్షలు పెట్టుడు మొదలుపెట్టిన. "నేనెవరు?" అంటె "అమ్మమ్మ". "నీకు బువ్వ ఎవరు పెడ్తరు?" అంటె "అమ్మమ్మ". "పూణె పోయినంక గూడ నేను యాదికుంటనా?" అంటె "ఆడ ఐస్‌క్రీం ఉంటదా?" అన్నది. ఇరవై సార్లు అడిగేసరికి దానికి ఇసుగొచ్చింది. "నేనెవరు" అంటె "తెల్వది" అన్నది, కిలకిల నవ్వుకుంట. నవ్వులాటకే అన్నది. గని నా గుండె జారింది.

అంగన్‌వాడీల ఆయమ్మగ ఇరవై ఏండ్లు చేసిన. ఎందరి ముక్కులు తుడిచిననో. గా పోరగాళ్లు ఇప్పుడు బండ్ల మీద రయ్యిన పోతరు, ఒక్కడు ఆగి పలకరించడు. దానికి నేనేనాడు బాధపడలే. మేడం అడిగిన మాట వేరు. మీ మూడేండ్ల లోపలివి మీకు గుర్తున్నయా అన్నది సూడుండ్రి, గది తాకింది నాకు. నాకు యాదికి లేకపోవుడు ఎనుక ఒక మనిషున్నది. ఆమె ముచ్చట గప్పటిదాక నా బిడ్డకు గూడ చెప్పలే.

మా చిన్నప్పుడు గీ రోడ్లు లేవు, గీ అపార్టుమెంట్లు లేవు. కరీంనగర్ రోడ్డు మీద దినానికి నాలుగు బస్సులు పోతె గొప్ప. మా నాయినది శాపలు పట్టే పని. మా ఇల్లు, మా గొంగడి, మా సద్దిమూట, ఆఖరికి బడి పలక గూడ శాపల వాసనే. బడిల నా పక్కన కూసున్నోళ్లు ముక్కు మూసుకుంటుండిరి. మాకు గా వాసన తెల్వకపోయేది. ఎప్పుడన్న చుట్టాలింటికి పోయి నాల్గు దినాలుండి వస్తె, గడప కాడ గుప్పున తాకేది. హమ్మయ్య, ఇంటికొచ్చిన అనుకునేదాన్ని.

ఎండకాలం వచ్చిందంటె చెరువు సగానికి గుంజుతది. నీళ్లన్ని లోతు మూలకు చేరినంక, వాడల మొగోళ్లందరు కలిసి వలలు దించుతరు. మూడు నాల్గు దినాలు మాకు పండుగే. కొర్రమట్టలు, బొచ్చెలు, జెల్లలు, బురద మీద ఎగిరెగిరి పడుతుంటయ్. ఆడోళ్లు కట్ట మీదనే మూడు రాళ్లు పెట్టి, చింతపండు పిసికి, ఎల్లిపాయ కారమేసి పులుసు కాస్తుండిరి. గా పులుసు తెల్లారి జొన్నరొట్టెతోని తింటె ఇంక రుచి. మేం పిల్లలం బురదల దొర్లి, జెల్లల ముండ్లు గుచ్చుకొని ఏడ్చుకుంట, అయినా ఇంటికి పోకుంట ఆడనే తిరిగేది.

పట్టిన శాపలు ఇంటికో వంతు. కుప్పలు పెట్టినంక, వాడ పిల్లలల్ల ఒకరిని ఎనుకకు తిప్పి నిలవెడ్తరు. పెద్దమనిషి ఒక కుప్ప మీద కట్టె పెట్టి "ఇది ఎవలది?" అంటడు. గా పిల్ల చూడకుంటనే ఒక ఇల్లు చెప్పాలె. పెద్ద కుప్పొచ్చినా చిన్న కుప్పొచ్చినా ఎవలు ఏమనొద్దు. నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు, గా ఎండకాలం, నన్ను నిలవెడ్తమన్నరు. ఎంత సంబురమో నాకు. చేతులు కడుక్కొని, జడ ఎనుకకేసుకొని తయారుగ నిలవడ్డ.

నాకంటె కొంచెం పెద్ద పొల్ల ఒకతి ఉండె. దానికి కోపమొచ్చింది. "దీన్నెందుకు నిలవెడ్తరు? ఇది మన వాడ పిల్ల గాదు. అలియాబాద్ కొన్నమ్మ పిల్ల. తవుటికి కొన్నరు దీన్ని" అన్నది, అందరు ఇనంగ.

నేను మా నాయిన దిక్కు చూసిన. మా నాయిన వల దిక్కు చూస్తాండు. "ఏ, నిలవెట్టుండ్రి, నిలవెట్టుండ్రి" అని పెద్దమనిషే అన్నడు. ఎనుకకు తిరిగి నిలవడి ఇండ్ల పేర్లు చెప్పుకుంట పోయిన. అందరివి చెప్పిన. మా ఇల్లు ఒక్కటి నోట్లెకు రాలే. ఆఖరుకు మిగిలిన కుప్ప మాదైంది, అందరికంటె సన్నది.

కొన్నమ్మ అన్న మాట నేను అంతకుముందు గూడ విన్న. మా అమ్మ, అవ్వ గుసగుస పెట్టుకునేటప్పుడు నా చెవ్వుకు "కన్నమ్మ" అని ఇనవడేది. కన్నమ్మ అని ఎవలో చుట్టపామె ఉన్నదనుకున్న. కన్నమ్మ గాదు, కొన్నమ్మ. కన్నదొకామె, కొన్నదొకామె. అన్నేండ్లు తప్పు ఇనుకుంట వచ్చిన.

ఇంటికొచ్చి అవ్వను పట్టుకున్న. నాయిన తల్లిని మేం అవ్వ అంటం. అవ్వ శాపలకు బూడిద రుద్ది పొలుసు తీస్తాంది. ముందుగాల కసిరింది, తర్వాత అటుఇటు చూసి, "సెప్తగని మీ అమ్మ సెవుల పడొద్దు" అన్నది.

నాకంటె ముందుగాల మా అమ్మకు ముగ్గురు పుట్టి పోయిండ్రట. ఒకరు ఏడ్వనే లేదు, ఒకరు పదకొండో నాడు, ఒకరు మూడో నెలల. గసొంటి ఇంట్ల మల్ల పిల్ల పుడితె గప్పుడొక పద్ధతుండె. పుట్టిన పిల్లను చాటల ఏసి పెంటకుప్ప మీద పెడ్తరు, మాకొద్దు అన్నట్టు. పిల్లలందరు బతికి బట్టకట్టిన తల్లి ఒకామె వచ్చి, సోలెడు తవుడిచ్చి కొనుక్కుంటది. ఇగ గా పిల్ల కన్నోళ్లది గాదు కాబట్టి దేవునికి గూడ గుర్తు దొరకదని. మాపటికి గా కొన్నామెనే "నా బిడ్డను జర నువ్వు సాదు" అని మల్ల కన్నతల్లి చేతుల పెట్టి పోతది. గంతే, అయిపాయె. పెంటమ్మ, తవుటమ్మ అని పేరు మాత్రం మిగులుతది. నాది గూడ గసొంటి పేరే. బడిల సారు మార్చి రాసిండు. అసలుది ఇప్పుడు చెప్ప.

నన్ను కొన్నది అలియాబాద్ ఆమె. ఎవుసం చేసేటోళ్లు. అయిదుగురు పిల్లలు, అయిదుగురు బతికున్నరు, చిన్నోడు ఇంక పాలు తాగుతుండె. పొద్దుగాల కొంగుల తవుడు కట్టుకొని నడిచొచ్చింది. తవుడు పోసి, నన్ను ఎత్తుకొని, మాపటికి నన్ను మా అమ్మకియ్యబోయింది.

"మీ అమ్మ చేతులు ఎనుకకు పెట్టుకున్నదే" అన్నది అవ్వ. "నా చేతులు మంచియి గావు, ముగ్గురు పోయిండ్రు, నేను పట్ట అన్నది. ఎరుక సెప్పేటామె మూడేండ్ల గండమని సెప్పె. గా మూడేండ్లు నీ తాననే ఉంచుకో, నీ కాళ్లు మొక్కుత అన్నది. ఎవలు సెప్పినా ఇనలే. పాపం ఆమె ఒక్క పూట పని అనుకొని వచ్చింది. నిన్ను సంకలేసుకొని పోయింది."

మా అమ్మ పదిహేను దినాలకోపారి శాపల గంప నెత్తిన పెట్టుకొని అలియాబాద్ పోయేదట. వాళ్ల గడప అవతల్నే నిలవడి, నన్ను ముట్టకుంట, "మీ బిడ్డ మంచిగున్నదా?" అని అడిగేదట. "మా బిడ్డ మంచిగున్నది" అని ఆమె చెప్పేదట. గట్ల మూడేండ్లు. మూడేండ్లు నిండినంక పుట్టెంటికలు తీయించి తీసుకొచ్చిండ్రు. పిల్ల అంగలారుస్తదని, ఇగ కొన్నమ్మ ఇటు దిక్కు రావొద్దని అనుకున్నరు. "తొమ్మిదినాలు ఏడ్సినవ్. పదోనాడు బువ్వ తిన్నవ్. మల్ల ఆమె పేరెత్తలే" అన్నది అవ్వ.

మరి నాకెందుకు యాదికి లేదు? గదే నా పరేషాన్. నేనెవరి బిడ్డను అన్నది గాదు. మూడేండ్లు ఒక ఇంట్ల తిన్న, పన్న, లేసిన. ఒక మనిషికోసం తొమ్మిదినాలు ఏడ్చిన. అది ఒక్క ముక్క లేకుంట యాడికి పోయింది? పోయినేడు పోగొట్టుకున్న రిబ్బన్ రంగు గూడ యాదికున్నది నాకు. అవ్వనడిగితె, పుట్టెంటికలతోని పోతదే అన్నది. తల్లి కడుపులకెల్లి తెచ్చుకున్న ఎంటికలల్ల ఉంటదట అప్పటి యాది, గవి తీస్తె అది గూడ పోతదట. నాయిననడిగితె, వల కుట్టుకుంటనే, "మాటలు రాకముందుటియి మాటలల్ల ఎట్ల దొరుకుతయ్ బిడ్డ? పెద్ద కన్నుల వలేస్తె సన్న పరక శాపలు పడ్తయా?" అన్నడు. నాకు అవ్వ చెప్పిందే నమ్మబుద్ధైంది. మరి గా ఎంటికలు ఏం చేసిండ్రే అని అడిగి రెండు దెబ్బలు తిన్న.

అడిగితె దొరకదని, నాకు నేనే తెచ్చుకుందామని చూసిన. మంచం కింద దూరి కండ్లు మూసుకొని పన్న. ఏం రాలే. తవుటికి కొన్నరు గద, తవుడు తింటె ఏమన్న యాదికొస్తదేమోనని పక్కింటోళ్ల బర్రె కోసం పెట్టిన తవుడు గుప్పెడు నోట్లె పోసుకున్న. గొంతుకు అడ్డం పడ్డది. దగ్గుకుంట, కండ్లెంబడి నీళ్లు కారుకుంట, మొగమంత తవుడు పూసుకొని కుడితి గోలెం కాడ కూలవడ్డ. మా అమ్మ ఉరికొచ్చింది. వీపుల రెండు చరిచి, నీళ్లు తాపి, మొగం తుడిచింది. తుడుస్తాంటె ఆమెకు సమజైంది.

"ఎవలు సెప్పిండ్రు?" అన్నది. నేను గోలెం అంచు గోక్కుంట కూసున్న.

"ఏమన్న యాదికొచ్చిందా?" అన్నది.

"లేదు" అన్న.

"కొంచెం గూడ?"

"లేదమ్మా."

మా అమ్మ గట్టిగ ఊపిరి ఇడిసింది. మల్ల నన్ను ఒక్క మాటనలే. మాపటికి కొర్రమట్ట నడిమి ముక్క నాయినకు ఏసేది నా పళ్లెంల ఏసింది. నేను ముండ్లు తీసుకుంట తిన్నగని, ఆమెకు నా యాది అంటె గంత భయమెందుకో గప్పుడు తెల్వలే. యాదికొస్తె నేను వాపసు పోతనని అనుకున్నదేమో.

గంతట్ల అవ్వకే నా మీద జాలేసింది. ఒకనాడు పొద్దుగాల, అమ్మ కట్ట మీదికి పోయినంక, "గంప మోస్తవానే?" అన్నది. ఇద్దరం కరీంనగర్ రోడ్డు పట్టుకొని నడిచినం. ఇల్లు చూస్తె అన్నీ యాదికొస్తయని నాకు గట్టి నమ్మకం. గడప కాడ గుప్పున తాకుతది మా ఇంటి లెక్క, అనుకున్న.

ఏం తాకలే. వాకిట్ల బర్లు, దొడ్డి పక్కన జొన్నచొప్ప, అరుగు మీద పొయ్యి, పేడ వాసన, కాలిన రొట్టె వాసన. వేరేటోళ్ల ఇల్లు, గంతే. తలుపు చూసిన, దర్వాజ మీది పసుపు చూసిన, దూలాలు చూసిన. ఒక్కటి గూడ నన్ను పలకరించలే.

ఆమె అరుగు మీద కూసొని రొట్టె కొడ్తాంది. పొడుగు మనిషి, నొసటి మీద పచ్చబొట్టు, మోచేతుల దాక పిండి. అవ్వను చూసింది, ఎనుక నన్ను చూసింది. రొట్టె మీద చెయ్యి అట్లనే ఆగింది. లేస్తదనుకున్న, దగ్గరికొస్తదనుకున్న. రాలే. "మీ బిడ్డ పెద్దగైంది" అన్నది అవ్వతోని.

మంచం మీద దుమ్ము కొంగుతోని దులిపి కూసోమన్నది. కంచు గ్లాసుల సల్ల పోసిచ్చింది, ఉప్పు, జీలకర్రేసి. నేను తాగుతాంటె, గ్లాసు ఎట్ల పట్టుకుంటున్ననో అదే చూస్తాంది. అవ్వ ఎండల ముచ్చట, శాపల ముచ్చట చెప్తాంది. ఆమె ఊ కొడ్తాంది గని ఇంటలేదు.

"యాదికున్ననా బిడ్డ?" అన్నది, ఉన్నట్టుండి.

నిజం చెప్పాలంటె ఆమె మొగం నాకు ఏ ఊరి ఆమెదో లెక్కనే ఉన్నది. గని గా అడిగిన తీరు ఎట్లుండెనంటె, లేవు అని నేను అనలేకపోయిన. "ఆఁ, యాదికున్నవ్" అన్న.

ఆమె మొగంల ఎలుగొచ్చింది. పిండి చేతులతోనే ముంగటికి వంగింది. "ఏం యాదికున్నది?"

నేను గీ మాట అడుగుతదని అనుకోలే. తల్లులు పిల్లలకు ఏం చేస్తరు? దొరికిందేదో అనేసిన. "నువ్వు నాకు పాటలు పాడి పండవెట్టేటిదానివి."

ఆమె మల్ల ఎనుకకు జరిగి కూసున్నది.

"నాకు పాటలు రావు బిడ్డ" అన్నది. "ఏనాడు పాడలే."

కోపం లేదు మాటల. గట్లనే లేసి ఇంట్లెకు పోయింది. పెనం మీది రొట్టె మాడుతాంటె అవ్వనే లేసి తిప్పింది. ఆమె తిరిగొచ్చేసరికి మొగం కడుక్కొని ఉన్నది. నా లంగా కొసకు పల్లీలు, బెల్లం ముక్క మూటగట్టింది. ఇగ నన్ను ఏమడగలే. మేం లేసినం.

తొవ్వల అవ్వ అడిగింది. "ఎందుకాడినవే అబద్ధం?"

"ఆమె మొగం చూస్తె లేదని అనబుద్ధి గాలే" అన్న.

కట్ట కనవడంగనే అవ్వ, "మీ అమ్మకు సెప్పకు" అన్నది. పల్లీలు తొవ్వలనే తిన్నం ఇద్దరం.

మల్ల నేను గా ఇంటికి పోలే. సిగ్గు. అబద్ధం దొరికినంక గా మనిషి ముంగటికి ఎట్ల పోవాలె? పెద్దగైన, పెండ్లైంది, ఇదే ఊర్ల కాపురం. నా బిడ్డ కడుపుల పడ్డప్పుడు మాత్రం మస్తు మనసైంది. దవాఖానల పక్కామెలు, నేను గిన్నో నెలల పాకిన్నట, గిన్నో నెలల నడిచిన్నట అని వాళ్ల తల్లులు చెప్పినయ్ చెప్పుకుంటుండిరి. నా దగ్గర ఏం లేదు. పోయి అడగాలె అనుకున్న. రేపు పోత, ఎల్లుండి పోత. అలియాబాద్ ఎంత దూరం, ఆటో ఎక్కితె పది నిమిషాలు. గట్లనే అనుకుంట ఉన్న. ఒకనాడు మేడ్చల్ దవాఖానల లైన్ల నిలవడితె, ముందట అలియాబాద్ ఆమె ఒకతి ఉండె. మాటల మాట కొన్నమ్మ ముచ్చట అడిగిన. "గా ముసలవ్వనా? పోయి నెల దాటింది గదా" అన్నది.

లైన్ల నిలవడే ఏడ్చిన. పక్కోళ్లు కడుపునొస్తాందేమో అనుకున్నరు, కుర్చీ ఇచ్చిండ్రు.

ఎందుకేడ్చిననో గప్పుడు నాకే సరిగ తెల్వది. మేడం గా మాటన్నంక, పిల్లను "నేనెవరు, నేనెవరు" అని సతాయించినంక, అది నవ్వుకుంట "తెల్వది" అన్నంక, గప్పుడు నా బుర్రకెక్కింది. తొమ్మిదేండ్ల పిల్లను, నాకేం యాదికున్నదో చూసుకుందామని పోయిన నేను. ఆమెకేం యాదికున్నదో ఒక్క మాట అడగలే. నేను ఎప్పుడు పాకిన, ఎవరిని చూసి నవ్విన, ఎవరిని అమ్మా అన్న, దేనికి భయపడ్డ, అన్నీ ఆమె తాన ఉండె. మా అమ్మ గడప అవతల్నే నిలవడె. అవ్వకు ఎంటికల ముచ్చటే తెలుసు. నా మూడేండ్లు ఆ ఒక్క మనిషి దగ్గరుండె, సల్ల గ్లాసిచ్చి నా ముంగట కూసుండె. నేను పాటలని అబద్ధమాడి, బెల్లం తినుకుంట వచ్చిన.

ఇప్పుడు గీ పిల్లది అంత నా దగ్గర ఉన్నది. నాకు బీపీ ఉన్నది, షుగరున్నది, పొయ్యి మీద అన్నం పెట్టి మరుస్తున్న.

శనివారం మధ్యాహ్నం పిల్ల నిద్రపోయింది. నా బిడ్డ అట్టపెట్టెలకు టేపు అతికిస్తాంది. పక్కన కూసొని కొన్నమ్మ ముచ్చట మొత్తం చెప్పిన. మొదటిసారి ఇంటాంది. టేపు చేతుల పట్టుకొని అట్లనే కూసున్నది. అయినంక, "దానికి యాదికి లేకుంటె ఏమాయెనమ్మా, నేను చెప్త గద దానికి నీ గురించి" అన్నది.

"నీకేం తెలుసని చెప్తవే?" అన్న. గంత కటువుగ అందామనుకోలే, వచ్చింది నోట్లెకెల్లి.

దాని మొగం సన్నబోయింది. నిజమే గద. అది కారుల ఉండె. టేపు పెట్టె మీద పెట్టింది. "నాకు తెల్వదు. మరి నువ్వే చెప్పు" అన్నది. ఫోన్ తీసింది రాసుకునేతందుకు.

చెప్పిన. ముందుకు గాదు, ముందుగాల ఎనుకకు పాకింది, మంచం కింద ఇరికి ఏడ్చింది అని చెప్పిన. పొద్దటి హారన్ ఒకటి, మాపటి హారన్ ఒకటి, రెండు వేరని దానికి ఏడో నెలల్నే తెలుసు అని చెప్పిన. పొద్దటిది ఇనవడితె నా మెడల మొగం దాసుకునేది, మాపటిది ఇనవడితె గడప దిక్కు పాకేది. గది వింటాంటె నా బిడ్డ ముక్కు చీదుకొని, "ఇంకా?" అన్నది. మొదటి పన్ను నేను చూడలే, నా ఏలు కొరికితె తెలిసింది అన్న. శాపల పులుసుల బువ్వ నాకిచ్చిన, నువ్వు తిడ్తవని చెప్పలే అన్న. ఏడ్చుకుంటనే నవ్వింది. "ఇంకా చెప్పమ్మా, ఇంకా" అన్నది. పొద్దు వాలేదాక చెప్పిన, పిల్ల లేసి మా ఇద్దరి నడుమ కూసున్నదాక.

ఐతారం పొద్దుగాల పోయిండ్రు. కారెక్కేటప్పుడు పిల్ల చేతుల బిస్కెట్ పుడ ఉన్నది, దాని ధ్యాసంత దాని మీదనే. నేనెవరని అడగలే. బుగ్గ మీద పొడి తుడిచి తలుపేసిన.

అన్నీ చెప్పిన నా బిడ్డకు. ఒక్కటి తప్ప. శనివారం నేను చెప్తాంటె నడుమల అదే అన్నది, "మొదటి నడక మాత్రం నేనే చూసిన గదమ్మా. ఐతారం నాడు, గీ గోడ కాడికెల్లి నా దగ్గరికి నాల్గడుగులేసింది. నువ్వు గూడ ఎంత సంబురపడ్డవో." మొగమంత ఎలుగుతోని అన్నది.

గా ఐతారానికి ముందటి బుధవారమే నడిచింది పిల్ల. వంటింట్లకెల్లి నా దగ్గరికి, ఏడడుగులు, ఒక చేతుల గంటె పట్టుకొని. ఇంట్ల ఎవలు లేరు. ఇగ నేను వాళ్లకు సెలవొచ్చే ఐతారం దాక దాన్ని కింద దించలే, సంకల్నే ఏసుకొని తిరిగిన, నడుం పట్టుకపోయింది.

"అవు బిడ్డ, ఐతారమే" అన్న. "రాసుకో. ముందుగాల నీ దగ్గరికే వచ్చింది."

రాసుకున్నది.